దరఖాస్తు గడిలో పట్టని పొలం: ఆదివాసీ సహోద్యోగి మాట వినవలసిన తీరు

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు భూముల పట్టాల పంపిణీ ప్రారంభమైంది. రాష్ట్రమంతటా సుమారు లక్షన్నర మంది గిరిజన సాగుదారులకు, నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమిపై హక్కు పత్రాలు ఇచ్చే కార్యక్రమమది. ఆ తరువాత ఐదు వారాలకే, ఆగస్టు మొదటి వారంలో, హైదరాబాదు పడమటి అంచున ఉన్న కోకాపేటలో నియోపోలిస్ లేఅవుట్ స్థలాల వేలం జరిగింది. అక్కడ ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది.

ఒకే రాష్ట్రంలో, ఒకే వానాకాలంలో, ఎకరం అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు కనిపించాయి. కోకాపేట ఎకరం విలువ అది ఎంతకు అమ్ముడుపోతుందన్న దానిలో ఉంది. పోడు పట్టా ఎకరం విలువ దానిని ఎవరూ అమ్మలేరు, కొనలేరు అన్న దానిలో ఉంది. ఈ రెండవ అర్థం తెలిసిన మనుషులు నేడు మొదటి అర్థం చెల్లుబాటయ్యే చోట ఉద్యోగాలు చేస్తున్నారు. గురుకుల పాఠశాలల్లో చదివి, వ్యవసాయ శాస్త్రంలోనో ఇంజనీరింగులోనో పట్టా పొందిన ఆదివాసీ యువతీయువకులు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాల కార్యాలయాలకు చేరుతున్నారు.

వ్యవసాయంతో కోకాపేటకు ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. రైతుకు వాతావరణ సూచన పంపే యాప్, పంట రుణానికి అర్హత లెక్కగట్టే సాఫ్ట్‌వేర్, ఉపగ్రహ చిత్రాలతో విస్తీర్ణం అంచనా వేసే విధానం, పంటల బీమా దరఖాస్తు నమూనా వంటివి నేడు పొలానికి దూరంగా, అద్దాల భవనాలలో రూపుదిద్దుకుంటున్నాయి. అక్కడ ఒక సమావేశంలో వినిపించుకోని మాట, మూడు వందల కిలోమీటర్ల అవతల ఒక రైతు దరఖాస్తు తిరస్కరణగా మారుతుంది. అందువల్ల సహోద్యోగి మాట వినడాన్ని కేవలం మర్యాదగా భావించడం సరికాదు. అది వృత్తి నైపుణ్యంలో భాగమని ఈ వ్యాసం వివరిస్తుంది.

మూడు గడులు

ఒక సమావేశాన్ని ఊహించుకుందాం. రైతుల వివరాల నమోదుకు ఒక బృందం యాప్ తయారు చేస్తోంది. నమూనాలో మూడు గడులు ఉన్నాయి: పట్టాదారు పేరు, సర్వే నంబరు, పంట పేరు. ఉట్నూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక గోండు యువతి ఆ బృందంలో చిన్న ఉద్యోగి. ఆమె నెమ్మదిగా, "మా ఊళ్ళో ఈ మూడు గడులూ నిండవు సార్" అంటుంది. బృందనాయకుడు మర్యాదగానే, "మంచి విషయం చెప్పారమ్మా, రెండో విడతలో చూద్దాం" అంటాడు. సమావేశం ముందుకు సాగిపోతుంది.

ఆమె చెప్పిన దానిలో ఎంత వ్యవసాయ శాస్త్రం, ఎంత చట్టం ఉన్నదో ఒక్కొక్క గడినే పరిశీలిద్దాం.

మొదటిది పేరు గడి. అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 లోని నాలుగవ సెక్షన్ ప్రకారం, వివాహితులైన సాగుదారుల విషయంలో హక్కును భార్యాభర్తలిద్దరి పేరిట ఉమ్మడిగా నమోదు చేయాలి. నమూనాలో ఒక్క పేరుకే చోటుంటే ఆ ఒక్కరు సాధారణంగా భర్తే అవుతారు. చట్టం స్త్రీకి ఇచ్చిన హక్కును గడి తీసివేస్తుంది.

రెండవది సర్వే నంబరు గడి. అటవీ హక్కు పత్రంలో భూమిని గుర్తించేది ప్రధానంగా కంపార్ట్‌మెంట్ సంఖ్య, చుట్టూ ఉన్న వాగు, గుట్ట, చెట్టు వంటి ఎల్లల వివరణ. రెవెన్యూ సర్వే నంబరు తప్పనిసరి అని యాప్ పట్టుబడితే, చట్టబద్ధమైన హక్కు పత్రం చేతిలో ఉన్న రైతు కూడా "భూమి లేనివాడు"గా నమోదవుతాడు. అదే సెక్షన్ ప్రకారం ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మకానికి, బదిలీకి వీలు లేదు. తనఖా పెట్టలేని భూమిని రుణ అర్హత లెక్కలో "లోపం"గా చూపే సూత్రం, ఆ రైతుకు రక్షణగా చట్టం పెట్టిన కంచెనే అతని నేరంగా లెక్కిస్తోందన్నమాట.

మూడవది పంట గడి. ఒక మడికి ఒక పంట అన్నది మైదాన ప్రాంతపు నీటిపారుదల సాగు నుంచి వచ్చిన ఊహ. కొండ ప్రాంతపు వర్షాధార సాగులో జొన్న, కంది, సామ, రాగి, కొర్ర, అలసంద వంటివి కలిపి వేయడం పరిపాటి. వేళ్ళు వేర్వేరు లోతుల నుంచి తేమను తీసుకుంటాయి. పప్పుజాతి పంటలు నేలకు నత్రజని చేరుస్తాయి. కోతలు వేర్వేరు నెలల్లో రావడం వల్ల ఇంట్లో తిండి గింజలు ఒక్కసారిగా అడుగంటవు. వానలు ఒక పంటను దెబ్బతీసినా మరొకటి నిలుస్తుంది. మిశ్రమ పంటల ఈ ప్రయోజనాలను విశ్వవిద్యాలయాలలో మనమే బోధిస్తున్నాం. అయినా "పంట పేరు ఒక్కటే నమోదు చేయండి" అన్న గడి ముందు ఆ పాఠం మరచిపోతున్నాం. ఆ ఒక్క పేరుకే బీమా, ఆ ఒక్క పేరుకే సలహా అందుతాయి. తక్కినవన్నీ లెక్కకు రాని పంటలవుతాయి.

ఆ యువతి అన్న ఒక్క వాక్యంలో ఇంత సమాచారం ఇమిడి ఉంది. దానిని "రెండో విడత"కు పంపడమంటే తప్పు లెక్కతో పని మొదలుపెట్టడమే.

వినని కాలం, విన్న కాలం

ఈ నేలపై ఇది కొత్త అనుభవం కాదు. నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ అడవులకు రిజర్వు హద్దులు గీసినప్పుడు, ఆ హద్దుల లోపల తరతరాలుగా సాగు చేస్తున్న గోండులను, కొలాములను ఎవరూ అడగలేదు. పటంపై గీసిన గీత, నేలపై ఉన్న ఊరును ఆక్రమణగా మార్చింది. ఆ వేదన నుంచి కుమురం భీం ఉద్యమం పుట్టింది; 1940లో జోడేఘాట్‌లో ఆయన వీరమరణం పొందారు.

ఆ తరువాతనే ప్రభుత్వం కారణాలు వెతికింది. ఆస్ట్రియా దేశీయుడైన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య నివసించి అధ్యయనం చేశారు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. పరిపాలనాధికారి సేతుమాధవరావు పగడీ గోండీ నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం వ్రాశారు. భూమి పట్టాల మంజూరు, బడి, భాష మూడూ కలిసి నడిచిన కాలమది. హైమన్‌డార్ఫ్, ఆయన సతీమణి బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులు నేటికీ మార్లవాయిలోనే ఉన్నాయి.

ఈ చరిత్రలో మనం గమనించవలసిన అంశం క్రమం. మొదట భాష నేర్చుకున్నారు, తరువాత నివేదిక వ్రాశారు, ఆ తరువాత నిర్ణయం వచ్చింది. అయితే అంతకు ముందే ప్రాణాలు పోయాయి. ముందే విని ఉంటే ఆ మూల్యం చెల్లించవలసి వచ్చేది కాదేమో. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ పాఠం పూర్తిగా ఒంటబట్టలేదనడానికి 1981 ఏప్రిల్ 20న భూసమస్యలపై సభకు వచ్చిన గోండులపై ఇంద్రవెల్లిలో జరిగిన పోలీసు కాల్పులే సాక్ష్యం.

భాష విషయంలో నేడు పరిస్థితి మారింది. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతుల ద్వారా గోండీ లిపి ఒకటి వెలుగులోకి వచ్చింది. కోకాపేటకు పొరుగునే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు దానిపై కృషి చేశారు. 2018లో గుంజాల గోండీ లిపికి యూనికోడ్‌లో స్థానం లభించింది. కంప్యూటర్‌కు ఆ అక్షరాలు తెలుసు. ఆ కంప్యూటర్ల ముందు కూర్చున్న మనకు ఆ భాషలో రైతుకు ఒక వాన కబురు పంపాలన్న ఆలోచన వచ్చిందా అన్నదే ప్రశ్న.

చెప్పినవారి పేరు, చెప్పినవారి వాటా

పరిశోధనా రంగంలో ఆదివాసులు మన దగ్గర చాలాకాలంగా పని చేస్తూనే ఉన్నారు. దారి చూపేవారిగా, మొక్కలు గుర్తించేవారిగా, క్షేత్ర సహాయకులుగా, దినకూలీలుగా ఉన్నారు. వారిని సహోద్యోగులని అనడం మాత్రం మనకు అలవాటు కాలేదు.

కేరళలో జరిగిన ఒక ఉదాహరణ ఇక్కడ ఉపయోగపడుతుంది. 1987లో అగస్త్య కొండలలో వృక్ష సర్వేకు వెళ్ళిన శాస్త్రవేత్తల బృందానికి కాణి తెగకు చెందిన యువకులు దారి చూపారు. శాస్త్రవేత్తలు అలసిపోయినా వారు మాత్రం ఉత్సాహంగా నడుస్తున్నారు. నడుమ నడుమ ఒక మొక్క కాయలు తింటున్నారు. డాక్టర్ పుష్పాంగదన్ నాయకత్వంలోని బృందం ఆ మొక్క గురించి అడిగినప్పుడు వారు వెంటనే చెప్పలేదు. అది తమ తెగ కాపాడుకుంటున్న జ్ఞానమన్నారు. తరువాత నమ్మకం కుదిరి చెప్పారు. అదే ఆరోగ్యపచ్చ. దాని ఆధారంగా తిరువనంతపురంలోని ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ "జీవని" అనే ఔషధాన్ని రూపొందించింది. 1990ల మధ్యలో కోయంబత్తూరుకు చెందిన ఒక ఆయుర్వేద సంస్థకు తయారీ హక్కు ఇచ్చినప్పుడు, లైసెన్సు రుసుములోను, రాయల్టీలోను సగం కాణీలకు చెందాలని నిర్ణయించారు. అందుకోసం 1997లో కాణీల ట్రస్టు ఏర్పడింది. సంప్రదాయ జ్ఞానానికి ప్రతిఫలం పంచిన తొలి ప్రయత్నాలలో ఒకటిగా ఇది ప్రపంచమంతటా పేరు పొందింది.

ఈ కథలోని లోటును కూడా చెప్పుకోవాలి. జ్ఞానం చెప్పినవారు కొందరే. ఆ జ్ఞానం తెగ మొత్తానిది. అన్ని ప్రాంతాల కాణీలనూ మొదటే సంప్రదించలేదన్న అభ్యంతరం తలెత్తింది. మొక్కను అడవి నుంచి సేకరించడంపై, సాగు చేయడంపై అటవీ శాఖతో చిక్కులు వచ్చాయి. ఒకరిద్దరు పరిచయస్తులు చెప్పింది విని, ఒక జాతి మొత్తం చెప్పినట్లు భావించకూడదన్నది దీనినుంచి నేర్చుకోవలసిన రెండవ పాఠం.

మన కార్యాలయాలకు ఇది నేరుగా వర్తిస్తుంది. తెలంగాణలోనే గోండులు, కోయలు, కొలాములు, చెంచులు, కొండరెడ్లు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు వంటి అనేక సముదాయాలు ఉన్నాయి. వారి భాషలు, సాగు పద్ధతులు, భూమితో సంబంధాలు ఒకటి కావు. నల్లమల చెంచుల గురించి ఉట్నూరు గోండు ఉద్యోగిని అడిగి, వచ్చిన జవాబుతో "గిరిజనుల అభిప్రాయం" అని నివేదిక వ్రాయడం, కృష్ణా డెల్టా వరి రైతును అడిగి అనంతపురం వేరుశనగ గురించి వ్రాయడం వంటిదే.

బల్ల దగ్గర చోటు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా మన ఉత్తరాంధ్ర కొండలను ఆనుకునే ఉంది. ఆ జిల్లాకు చెందిన పరజా ఆదివాసీ మహిళ కమలా పూజారి, దేశవాళీ వరి విత్తనాలను సేకరించి కాపాడారు. జైపూర్‌లోని స్వామినాథన్ పరిశోధనా సంస్థ కేంద్రం ఆమెతో కలిసి పనిచేసింది. 2018లో ఒడిశా ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రణాళికా మండలి సభ్యురాలిగా నియమించింది. 2019లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆమె కన్నుమూశారు.

పురస్కారం గొప్పదే. ఈ వ్యాసం దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ప్రణాళికా మండలిలో లభించిన స్థానం. పురస్కారం గతంలో చేసిన పనికి గౌరవం. సభ్యత్వం రేపటి నిర్ణయంలో వాటా. కార్యాలయంలో కూడా ఆదివాసీ సహోద్యోగి నృత్యాన్ని వార్షికోత్సవంలో చూసి చప్పట్లు కొట్టడం తేలిక. ఆమె అభ్యంతరం వల్ల యాప్ విడుదలను వారం రోజులు వాయిదా వేయడం కష్టం. వినడం జరిగిందో లేదో ఆ రెండవ చోటే తేలుతుంది.

నాలుగు మాటల నియమం

ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటన 2007 సెప్టెంబరు 13న ఆమోదం పొందింది; భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఆ ప్రకటనకు ఆయువుపట్టు, స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో తీసుకునే సమ్మతి. గనులకు, ప్రాజెక్టులకు వర్తించే ఈ నాలుగు మాటలనే కార్యాలయ వ్యవహారానికి అన్వయించుకోవచ్చు.

స్వేచ్ఛగా: చిన్న ఉద్యోగి పెద్ద అధికారి ముందు "ఇది తప్పు" అని చెప్పగల వాతావరణం ఉండాలి. పదిమందిలో అడిగితే మౌనంగా ఉన్నవారిని విడిగా అడగాలి. మౌనాన్ని అంగీకారంగా లెక్కించకూడదు.

ముందుగా: నమూనా పూర్తయ్యాక అభిప్రాయం అడగడం లాంఛనం మాత్రమే. గడులు గీయడానికి ముందే అడగాలి. క్షేత్ర ప్రయోగాల విషయంలోనూ ఇంతే. విత్తనం ఎంపిక ముగిశాక రైతును పిలిస్తే అతడు ప్రేక్షకుడవుతాడు.

సమాచారంతో: చెప్పిన మాట ఎక్కడికి పోతుందో, ఎవరి పేరుతో అచ్చవుతుందో, దానివల్ల ఎవరికి లాభమో చెప్పినవారికి తెలియాలి. మన జీవవైవిధ్య చట్టం, 2002 సంప్రదాయ జ్ఞానం వినియోగంలో లాభాల పంపకాన్ని గుర్తించింది. వృక్ష రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 విత్తన రకాలను కాపాడిన రైతులకు, సముదాయాలకు గుర్తింపు, ప్రతిఫలం కల్పించింది. పరిశోధకులు ఈ రెండు చట్టాలను అనుమతి పత్రాల కోసమే కాక, సంభాషణకు మార్గదర్శకాలుగా కూడా చదువుకోవాలి.

సమ్మతి: "చెప్పను" అనే హక్కు కూడా అందులో భాగమే. తెగ ఆచారాలు, దేవర కథలు, మందు మొక్కల రహస్యాలు చెప్పమని భోజన విరామంలో సహోద్యోగిని వేధించడం ఆసక్తి అనిపించుకోదు. ఆమె వచ్చింది ఉద్యోగం చేయడానికి. తన జాతికి సంచార విజ్ఞానసర్వస్వంగా ఉండడానికి కాదు. పుస్తకాలలో దొరికే విషయాలను మనమే చదువుకుని, చదివినా అర్థం కాని చోటనే అడగాలి.

తోడు నిలవడమంటే

విన్న మాటకు తోడు నిలిచే సహోద్యోగి చేయవలసిన పనులు పెద్దవేమీ కావు, మానకుండా చేయవలసినవి.

సమావేశంలో ఆమె మాట మధ్యలో తెగిపోతే, "వారు చెప్పేది పూర్తి కానివ్వండి" అని ఒకరు అనాలి. పది నిమిషాల తరువాత అదే మాటను మరొకరు చెప్పి మెప్పు పొందుతుంటే, "ఇది మొదట చెప్పింది వారే" అని గుర్తుచేయాలి. సమావేశ వివరాలలో ఆ పేరు నమోదు కావాలి. "కోటాలో వచ్చారు" అన్న ఎత్తిపొడుపు, యాసపై నవ్వు వినిపించినప్పుడు సమాధానం చెప్పే భారాన్ని వారిపైనే వదిలివేయకుండా మనం అడ్డుచెప్పాలి. వారి కోసం వారికి తెలియకుండా మాట్లాడడం మాత్రం తోడు కాదు. వారు వద్దంటే ఆగాలి.

సెలవుల పట్టికను కూడా ఒకసారి పరిశీలించాలి. పుష్య మాసం అమావాస్యనాడు కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు ఆరంభించే నాగోబా జాతర, దీపావళి రోజుల దండారీ, రెండేళ్ళకొకసారి వచ్చే మేడారం జాతర ఆ సహోద్యోగుల ఇళ్ళకు తప్పనిసరి పిలుపులు. సెలవు అడిగినప్పుడు "అది ఏ పండుగ?" అని నవ్వకుండా, ఆ తేదీలకు పని గడువులు పెట్టకుండా ముందే చూసుకోవడం యాజమాన్యానికి కష్టమైన పని కాదు.

మరొక విషయం. కోకాపేటలో పనిచోటు అంటే కార్యాలయం ఒక్కటే కాదు. ఆ భవనాలను కడుతున్న కూలీలలో ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసులు కూడా ఉన్నారు. వారిలో ఎందరో సొంత ఊళ్ళో రైతులే. భద్రతా సూచనలు వారికి అర్థమయ్యే భాషలో ఉన్నాయా అన్న ప్రశ్న అదే భవనంలోని ఆరవ అంతస్తులో జరిగే సమావేశానికి సంబంధం లేనిది కాదు.

వినడమంటే ఒప్పుకోవడమేనా?

కాదు. సంప్రదాయమంతా సరైనదని ఆదివాసులే అనరు. ఉదాహరణకు తపసి బంక సేకరణలో చెట్టుకు గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చెట్టు నశిస్తుంది. గాటు తక్కువ లోతులో పెట్టి, గాయం మానడానికి వ్యవధి ఇచ్చే పద్ధతి మేలైనది. శాస్త్రం ఇక్కడ ఉపయోగపడింది. అయితే ఏ గుట్టపై చెట్లు బలంగా ఉన్నాయి, ఏ నెలలో బంక బాగా కారుతుంది, చెట్టును కాపాడితే రేపు అది తనకే దక్కుతుందన్న భరోసా సేకర్తకు ఉందా అన్న ప్రశ్నలకు జవాబు ప్రయోగశాలలో లేదు. విన్న తరువాత విభేదించవచ్చు. కారణం చెప్పి విభేదించాలి. వినకముందే విభేదించడం మాత్రం శాస్త్రీయ దృక్పథం కాదు.

ముగింపు

ఆ ఊహా సమావేశానికి తిరిగి వద్దాం. బృందనాయకుడు చెడ్డవాడు కాదు. ఆమె మాట అతని చెవిన పడింది, మెచ్చుకున్నాడు కూడా. లోపించింది ఒక్కటే: ఆ మాట గడిని మార్చలేదు. మార్చవలసింది కూడా ఎక్కువేమీ లేదు. పేరు గడిలో రెండు పేర్లకు చోటు, సర్వే నంబరుకు ప్రత్యామ్నాయంగా అటవీ హక్కు పత్రం సంఖ్య, పంట గడిలో ఒకటికి మించి పంటలు ఎంచుకునే వీలు. ఒక పూట పని.

విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, ప్రైవేటు సంస్థలు తమ వద్ద వాడుకలో ఉన్న నమోదు పత్రాలను ఈ మూడు గడుల దృష్టితో ఒకసారి సరిచూసుకోవాలని ఈ వ్యాసం సూచిస్తోంది. సరిచూసే బృందంలో ఆ ప్రాంతాల నుంచి వచ్చిన సహోద్యోగులకు చోటు కల్పించాలి. వారి పేర్లు నివేదికలో వ్రాయాలి. వారు చెప్పినదానిలో ఏది స్వీకరించామో, ఏది ఏ కారణంతో స్వీకరించలేదో తిరిగి వారికే తెలియజేయాలి. అప్పుడు ఆసిఫాబాద్‌లో పట్టా అందుకున్న దంపతులు తమ పొలం వివరాలు నమోదు చేయబోతే, ఇద్దరి పేర్లూ, అన్ని పంటలూ ఆ గడులలో పడతాయి.